మన్ను నేర్పిన శీలము: ఫ్రాన్సుదేశపు ఎఱ్ఱ ద్రాక్షమద్యములు

ఒక తల్లి కడుపున బుట్టిన యాడపడుచులు వేర్వేఱు ఇండ్లు మెట్టి, కొన్ని యేండ్లు గడచునప్పటికి వేర్వేఱు మాటతీరులును, వేర్వేఱు నడవడులును అలవఱచుకొనుట మనమందఱము చూచుచున్నదే. తీగెలకును అట్టి గతియే కలదు. ఫ్రాన్సుదేశమున బర్గండీ యను సీమలో నొక కొండవాలు పొడవునను పినో న్వార్ అను ఒక్కజాతి నల్లద్రాక్షయే నాటబడియున్నది. నడుమ నొక బండిబాట. దానికి పైన నొక తోట, క్రింద నొక తోట. నాటినది ఒక్క తీగె, కురిసినది ఒక్క వాన, కాసినది ఒక్క యెండ. అయినను పైతోట పండ్లనుండి వచ్చిన మద్యమున కొక పేరు, క్రిందితోట మద్యమునకు మఱియొక పేరు. వెలలో నొకటి రెండవదానికి పెక్కు రెట్లు హెచ్చు. ఈ భేద మెక్కడిదని యడిగిన నచ్చటి రైతు తన కాలిక్రింది మన్నును చూపును.

సోదరీమణులారా! గృహిణుల పత్రికలో మద్యమును గూర్చి వ్రాయనేల యని మీకు దోపవచ్చును. త్రాగుటను మెచ్చుటకు గాని, నేర్పుటకు గాని మేము కలము బట్టలేదు. మా యింట నట్టి యాచారము లేదు. అది చేయు కీడు మన సంసారములు పెక్కింటికి తెలిసినదే. మేము చెప్పబూనినది పాత్రలోని ద్రవమును గూర్చి కాదు, దానికి మూలమైన మన్నును గూర్చి. ఒక దేశపు జనులు వందలయేండ్లు కొండవాలులను కనిపెట్టి చూచి, ఏ మన్నునకు ఏ తీగె తగునో తెలిసికొనిన కథ యిది. పెరటిలో పాదు పెట్టి చెంబుతో నీరు పోయు ప్రతి యిల్లాలికిని ఇందు తెలిసికొనదగిన సంగతులు కలవు.

మద్యమును నేలపేర బిలుచుట ఫ్రెంచివారితోనే మొదలు కాలేదు. 1909లో మైసూరున అచ్చయి లోకమునకు దెలియవచ్చిన కౌటిల్యుని యర్థశాస్త్రమున, సురాధ్యక్షుని గూర్చిన ప్రకరణములో, ద్రాక్షరసముతో చేయబడునది మధువనియు, పుట్టిన దేశమునుబట్టి దానికి కాపిశాయనమనియు, హారహూరకమనియు పేళ్లు గలిగెననియు చెప్పబడినది. కాపిశి యనగా నిప్పటి ఆఫ్గనిస్థానమున కాబూలునకు ఉత్తరముగా నున్న ప్రదేశము. ఇక నమరసింహుడు భూమివర్గమున అన్ని పంటలు పండు నేలను ఉర్వర యనియు, చవిటినేలను ఊషరమనియు, గులకఱాళ్ల నేలను శర్కరిలమనియు వేర్వేఱుగ బేర్కొనెను. ఉర్వర మంచిదనియు, శర్కరిలము కొఱగానిదనియు మనము లెక్కవేయుదుము. ద్రాక్షతీగె విషయమున నీ లెక్క తలక్రిందులగును.

నేలరుచి మద్యమునకు వచ్చునా?

ఫ్రెంచివారు "తెర్వార్" అను మాట నొకదానిని తఱచుగా వాడుదురు. మన్ను, దాని క్రింది ఱాయి, వాలు, ఎండ, వాన, గాలి, సేద్యము చేయువారి యలవాటు – వీని యన్నిటి కూడికకు అది పేరు. మనము దానిని క్షేత్రగుణమని చెప్పుకొనవచ్చును. ఈ మాట చాటున నొక భ్రమయు పెరిగినది. సున్నపుఱాతి నేలలోని తీగె సున్నపుఱాతి రుచిని, పలకఱాతి నేలలోని తీగె పలకఱాతి వాసనను వేళ్లతో పీల్చి పండున నింపునని పలువురు చెప్పుదురు. వినుట కింపుగా నున్నను ఇది నిజము కాదు. తీగె నేలనుండి గ్రహించునది నీరును, ఆ నీట కరగియున్న పొటాషియము, కాల్షియము మొదలగు లవణములును, కొంత నత్రజనియును మాత్రమే. ఆ లవణములలో తుదకు మద్యమున మిగులునది మిక్కిలి స్వల్పము. నాలుక దానిని ఱాతిరుచిగా గుర్తింపజాలదు. వేల్సుదేశమున అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయములో భూగర్భశాస్త్రము బోధించిన ఆలెక్స్ మాల్ట్‌మన్ 2018లో వెలువరించిన గ్రంథమున ఈ సంగతిని వివరముగా జెప్పియున్నాడు.

మఱి నేల చేయున దేమి? అది రుచిని పోయదు, కొలత వేయును. నీటిని కొలిచి యిచ్చును. వేడిని కొలిచి యిచ్చును. సత్తువను కొలిచి యిచ్చును. సారవంతమైన నేలలో నీరు సమృద్ధిగా దొరకిన తీగె ఆకులను, కొనలను పెంచుకొనుచు పోవునే గాని ఫలముమీద దృష్టి నిలుపదు. పండ్లు లావెక్కి నీరుబట్టి రుచి పలుచనగును. వేసవినడుమ నీరు కొంచెము తక్కువయైనచో కొనలు సాగుట మానును. తీగె తన బలమును ఫలమునకు మరల్చును. పండు చిన్నదియై, రసముకంటె తోలుపాలు హెచ్చును.

ఎఱ్ఱ మద్యమునకు నీ తోలే ప్రాణము. నల్లద్రాక్షలలో పెక్కింటి రసమునకు రంగు లేదు. పిండి చూచిన తెల్లగనే యుండును. ఎఱుపంతయు తోలులో నున్నది. వగరు తోలులోను గింజలోను నున్నది. తెల్లమద్యమునకు రసమును పిండి తోలును తీసివేయుదురు. ఎఱ్ఱమద్యమునకు తోలుతోను గింజతోను గూడ పులియబెట్టుదురు. కావున తోలుపాలు హెచ్చినకొలది రంగును, వగరును, ఏండ్లతరబడి నిలువయుండు శక్తియు హెచ్చును. నేల భేదములు ఎఱ్ఱ మద్యములయందు స్పష్టముగా బయటపడుటకు నిది యొక కారణము.

అయితే నీరు బొత్తిగా లేకున్న ఆకులు మాడును, పండు పక్వము గాకయే ముడుచుకొనును. కావున మంచి క్షేత్రమనగా లేమిగల నేల కాదు, మితమెఱిగిన నేల. బిడ్డను ఆకటికి మాడ్పక, అతిగారాబమున చెఱుపక పెంచు తల్లి యెట్టిదో యట్టిదన్నమాట.

గులకఱాళ్లును జిగటమన్నును

ఈ మితము రెండు వేర్వేఱు దారుల నెట్లు కలుగునో బోర్డో సీమ చక్కగ జూపును. ఫ్రాన్సుకు నైఋతిమూల గరోన్, దోర్దోన్య్ అను రెండేఱులు కలిసి జిరోంద్ అను వెడల్పైన జలమార్గమై అట్లాంటికు సముద్రమున బడును. దాని యెడమగట్టున మెడాక్ అను సీమ కలదు. పూర్వ మిది చాలభాగము బురదనేల. 17వ శతాబ్దమున డచ్చిదేశపు ఇంజనీర్లు వచ్చి కాలువలు త్రవ్వి నీటిని మఱల్చిన పిమ్మట ఇక్కడి గులకఱాతి మెట్టలు తోటలకు అనువయ్యెను. ఆ గులకఱాళ్లు ఏ యుగముననో పిరనీ పర్వతములనుండియు, నడిమి ఫ్రాన్సు కొండలనుండియు నేఱులు దొర్లించి తెచ్చినవి. ధాన్యము పండించువానికి అది పనికిమాలిన భూమి. కాని కురిసిన వాన యందు నిలువక దిగిపోవును. ఎండకు ఱాళ్లు త్వరగ వేడెక్కును. కాబర్నే సావిన్యో అను జాతి యాలస్యముగ పండునట్టిది. దానికి ఈ వెచ్చని, పొడినేల సరిగా నమరినది.

1855లో పారిసు ప్రదర్శనము సందర్భమున బోర్డో వర్తకులు అచ్చటి ఎఱ్ఱ మద్యములను ఐదు తరగతులుగ నేర్పఱచిరి. అందు చేరిన తోటలలో నొక్కటి తప్ప తక్కినవన్నియు మెడాక్ సీమలోనివే. ఆ యొక్కటియు గ్రావ్ అను సీమలోని ఓబ్రియోఁ. గ్రావ్ అను పేరునకే గులకఱాళ్లని యర్థము. ఆ వర్తకులు మన్నును పరీక్షింపలేదు; చిరకాలముగ పలుకుచున్న వెలలను మాత్రము చూచిరి. వెలలు వారిని గులకఱాళ్లకడకే తీసికొనిపోయినవి. ఒక శతాబ్దము గడచిన పిమ్మట బోర్డో విశ్వవిద్యాలయాచార్యుడు జెరార్ సెగాన్ ఆ తోటల మన్నును త్రవ్వి, వేళ్లను వెంబడించి పరిశీలించెను. ఏ యొక్క లవణముగాని, ధాతువుగాని వీని గొప్పతనమునకు కారణమని చెప్ప వీలులేదనియు, నీరు వేగముగ దిగిపోవుటయు, వేళ్లు లోతునకు బోయి వానకును కఱవునకును చలింపక నిలుచుటయు ముఖ్యకారణములనియు ఆయన తేల్చెను.

నది దాటి కుడివైపునకు బోయిన కథ మాఱును. అచ్చట పొమెరోల్ అను చిన్న గ్రామసీమలో పెత్రూస్ అను తోట కలదు. అది పదునొకండు హెక్టార్లకు కొంచె మెక్కువ. మన లెక్కకు ఇరువదియెనిమిది యెకరములు. అందలి నేల గులకఱాయి కాదు, నీలివన్నె జిగటమన్ను. తడిసిన నుబ్బి నీటిని గట్టిగా బట్టుకొనును. ఎండలు ముదిరినప్పుడు కొంచెము కొంచెముగ విడుచును. ఈ చల్లని మన్నున కాబర్నే సావిన్యో పండుట కష్టము. మెర్లో అను జాతి ముందుగ పండునది గాన దాని కిది పుట్టినిల్లువలె నమరినది. గులకఱాయి నీటిని జాఱవిడిచి మితము గలిగించుచుండగా జిగటమన్ను బిగబట్టి మితము గలిగించుచున్నది. ఒక యింట దాతృత్వమును, వేఱొక యింట పొదుపును ఒకే మేలు చేసినట్లున్నది.

ఈ పెత్రూస్ తోటను పేరునకు దెచ్చినవారిలో నొక స్త్రీ కలదు. శ్రీమతి లూబా యను నామె 1925 మొదలుకొని భాగములు కొనుచు వచ్చి క్రమముగ తోటకు యజమానురాలయ్యెను. 1956 ఫిబ్రవరి మాసమున బోర్డో సీమను దారుణమైన మంచు కమ్మి తీగెలను చంపివేసెను. చచ్చిన తీగెలను పెల్లగించి క్రొత్తమొక్కలు నాటుట వాడుక. ఆమె యట్లు చేయక, పైభాగమును కోయించి, మన్నులో నింకను ప్రాణముతో నున్న పాతవేళ్లపైననే క్రొత్తచిగుళ్లను నిలిపెను. పంట చాలకాలము తగ్గినను, ఎన్నో యేండ్లుగ ఆ జిగటమన్నుతో పరిచయము చేసికొనిన వేళ్లు నిలిచినవి. 1961లో ఆమె కాలము చేయువఱకును ఆ తోటను కన్నబిడ్డవలె చూచుకొనెను.

నేలయే సర్వమని యింతతో ననుకొనరాదు. బోర్డోకు చెందిన కోర్నెలిస్ వాన్ లేవెన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1996 మొదలు 2000 వఱకు సెంతెమిల్యోఁ సీమలో గులకనేల, జిగటనేల, ఇసుకనేల యను మూడింటియందు మూడు జాతుల ద్రాక్షను పరిశీలించిరి. వారు 2004లో ప్రకటించిన ఫలితములనుబట్టి, పండుమీద నన్నిటికంటె హెచ్చు ప్రభావము ఆ యేటి వాతావరణమునది. దాని తరువాతది నేలది. అటు తరువాతనే ద్రాక్షజాతిది. నేలయు, వాతావరణమును తీగెకు దొరకు నీటిని మార్చుటద్వారమునే ప్రధానముగ పనిచేయుచున్నవని వారు కనుగొనిరి. విత్తనముకంటె పొలము బలవత్తరమని యిందువలన తేలుచున్నది.

వెలివేయబడిన తీగె

ఇక తూర్పుదిక్కుననున్న బర్గండీకి పోవుదము. అందలి ముఖ్యమైన కొండవాలునకు కోత్ దోర్ అని పేరు. సుమారు పదునాఱుకోట్ల యేండ్లక్రింద నది సముద్రపు అడుగు. గుల్లలును, నత్తలును, బురదయు పేరుకొని సున్నపుఱాయిగను, సున్నముకలిసిన జిగటమన్నుగను మాఱినవి. వాలు పైకొసను మన్ను పలుచన. అడుగున మన్ను లోతై తేమ హెచ్చు. నడుమ రెండును సమపాళ్లుగ నున్నవి. పేరుబడిన క్షేత్రములలో పెక్కులు ఆ నడుమనే యున్నవి. మా మొదటి వాక్యములలోని బండిబాటకు ఇరుప్రక్కల గల భేదమునకు నిదియే కారణము.

ఈ భేదములను శ్రద్ధగా గుర్తించినవారు క్రైస్తవ సన్న్యాసులు. 1098లో స్థాపింపబడిన సీతో మఠమువారు వూజో గ్రామమున భూములు సంపాదించి, తోట వేసి, చుట్టును ఱాతిగోడ కట్టిరి. ఏబది హెక్టార్ల యా తోట నేటికి నున్నది. మన్నును నాలుకపై వేసికొని రుచిచూచి క్షేత్రభేదము కనిపెట్టిరని వారినిగూర్చి కథ చెప్పుదురు. కథ యెట్లున్నను, తరతరములుగ నే మడి పండ్లు ఆ మడికే వేఱుచేసి చూచుటవలన కలిగిన యనుభవము వారిది. ఫ్రెంచివిప్లవ కాలమున మఠపుభూములు లాగికొని యమ్మివేయబడినవి. ఇప్పుడా గోడలోపలి తోటకు ఎనుబదిమందికి పైగా యజమానులు కలరు. గోడ యొక్కటియే యయినను లోపలి నేల యొక్కటి కాదు. పైభాగపు మడులు సున్నపునేల, రహదారివైపు మడులు లోతైన తేమనేల. పేరు మాత్ర మన్నిటికిని ఒక్కటే. పేరు జూచి మోసపోక పొలము గట్టు జూచి తెలిసికొనవలయునని యిందలి నీతి. ఇట్లు పేరుగల చిన్నచిన్న క్షేత్రములను అచ్చట క్లిమాలందురు. అట్టివి 1,247, వానిని 2015లో యునెస్కోవారు ప్రపంచవారసత్వముగ గుర్తించిరి.

ఈ బర్గండీలోనే యొక తీగె దేశబహిష్కారము పొందినది. దాని పేరు గామే. అది సులభముగ పెరుగును, విరివిగ కాయును. పేదరైతున కది కామధేనువు. కాని బర్గండీ సున్నపునేలలో నది మితము దప్పి కాచి, రుచిలేని మద్యము నిచ్చెడిది. 1395లో బర్గండీ ప్రభువైన ధీరఫిలిప్ దానిని దుష్టపు మొక్క, విశ్వాసములేని మొక్క యని నిందించి పెఱికివేయవలసినదని శాసించెను. ప్రభువు కోపమునకు గుఱియైన తీగెకు దక్షిణముననున్న బోజొలే సీమ దిక్కయ్యెను. అచ్చటి ఉత్తరపు గుట్టలు నల్లఱాతివి. అనగా గ్రానైటు ఱాయి. అది చివికి పలుచని గరుసునేలగ మాఱినది. సారము తక్కువ, సున్నము లేదు. బర్గండీ నేల పట్టలేని గామేకు ఈ బీదనేల కళ్లెము వేసెను. కాయలు తగ్గినవి, పరిమళము హెచ్చినది. ఫ్లరీ, మొర్గోఁ, మూలాంనావాఁ యను గ్రామముల పేళ్లతో నేడు గౌరవము పొందు మద్యములు ఆ వెలివేయబడిన తీగెవే. రాజసభలో నిరాకరింపబడిన శకుంతల ఋష్యాశ్రమమున వన్నెకెక్కినట్లున్నది.

ఈ కథ కొక ముక్తాయింపు 1999లో వచ్చినది. శాస్త్రజ్ఞులు తీగెల జన్మలక్షణములను పరీక్షించి, గామే మఱెవరిబిడ్డయు కాదు, సాక్షాత్తు ఆ పినో న్వార్ వంశపు బిడ్డయే యని కనుగొనిరి. రెండవ తల్లిదండ్రి గూఏ బ్లాం అను సామాన్యపు తెల్లద్రాక్ష. సింహాసనముమీది పినో తన సొంతబిడ్డ వెడలగొట్టబడుచుండగ నూరకున్నదన్నమాట. తప్పు బిడ్డది కాదు, ఒప్పని యింటిది.

ఏటవాలులు, గుండ్రాళ్లు, ఇసుక

బోజొలేనుండి రోన్ నది వెంట దక్షిణమునకు దిగినచో కోత్ రోతి యను నేటవాలు వచ్చును. ఎండకు వేగిన వాలని దాని పేరునకు అర్థము. నిచ్చెనమెట్లవలె ఱాతిగోడలు కట్టి, మెట్టుమెట్టున సిరా యను నల్లద్రాక్షను పెంచుదురు. అందు రెండు వాలులు పేరుబడినవి: నల్లవాలు, పసుపువాలు. ఒక ప్రభువునకు నల్లని కురులుగల కూతురును, బంగారు కురులుగల కూతురును ఉండగా నొక్కొకతె కొక్కొక వాలు నిచ్చెనని యచ్చటివారు చెప్పుకొను కథ. నల్లవాలున ఇనుము కలిసిన ముదురువన్నె పలకఱాతి మన్ను. పసుపువాలున లేతవన్నె గరుసుమన్ను. మొదటిదాని మద్యము గట్టిది, మెత్తబడుటకు ఏండ్లు పట్టును. రెండవది మృదువైనది, త్వరగ చెలిమి చేయును. కూతుండ్ల కథ కల్పన కావచ్చును గాని మన్నుల భేదము కల్పన కాదు.

ఇంకను దక్షిణమున షాతోనఫ్ ద్యు పాప్ కలదు. 14వ శతాబ్దమున పోపులు రోము విడిచి అవిన్యోఁ నగరమున నున్నప్పుడు వారి వేసవికోట యిచ్చట నుండెను. ఇచ్చటి మెట్టతోటలలో మన్నే కనబడదు. పుచ్చకాయలంతేసి నున్నని గుండ్రాళ్లు పఱచియుండును. అవి రోన్ నది ఆల్ప్సు పర్వతములనుండి దొర్లించి తెచ్చినవి. పగలు వేడిని త్రాగి రాత్రి విడుచును. వాని యడుగున జిగటమన్ను నీటిని దాచును. గ్రెనాష్ అను జాతి యందు పండి మత్తైన, వెచ్చని మద్యము నిచ్చును. అదే గ్రామమున రాయాస్ అను తోటలో గుండ్రాళ్లు లేవు, ఇసుక యున్నది. జాతి యదియే. మద్యము మాత్రము లేతవన్నె, సుకుమారము. 1923లో బారన్ ల ర్వా యను న్యాయవాది యీ గ్రామపు మద్యమునకు నియమము లేర్పఱచునప్పుడు, లావెండరును, థైము అను వామువంటి మొక్కయు ఏ నేలను మొలుచునో ఆ నేలలోని పండ్లకే గ్రామనామము చెల్లునని విధించెను. బీదనేలకు అవి గుఱుతులు గనుక.

మన్నునకు వచ్చిన కష్టములు

ఇట్లు కుదిరిన బంధమునకు 1863 ప్రాంతమున గొప్ప యాపద వచ్చెను. అమెరికానుండి వచ్చిన ఫిలోక్సెరా యను కంటికానని పేను వేళ్లను తిని ఫ్రాన్సు తోటల నెల్ల నెండబెట్టెను. ఆ పురుగునకు లొంగని అమెరికా తీగెల వేళ్లమీద ఫ్రెంచి తీగెను అంటుగట్టుట విరుగుడని తేలినది. కాని సున్నపునేలలలో నా పరదేశపు వేళ్లకు ఇనుము అందక, ఆకులు పసుపుబారి చచ్చిపోయెను. నేల క్రొత్తకోడలిని ఒప్పలేదు. అప్పుడు 1887లో పియేర్ వియాలా యను ఆచార్యుడు అమెరికాకు పోయి, టెక్సాసున టి. వి. మన్సన్ అను పండితుని సాయమున సున్నపుకొండలమీద సహజముగ పెరుగు తీగెలను చూచి వచ్చెను. వాని సంతతిమీద అంటుగట్టిన తీగెలే నేటికిని ఫ్రాన్సు సున్నపునేలలలో కాచుచున్నవి. పేను ఇసుకలో మెదలజాలదు గాన ఇసుకనేలల తోటలు మాత్రము బ్రతికిపోయినవి. నేల మాట వినక సేద్యము లేదని యప్పుడు దేశమంతకును తెలిసెను.

మఱియొక కష్టము మనుష్యుని చేతిది. మన రైతులు నిమ్మకును, తమలపాకుతోటలకును కొట్టు బోర్డో మిశ్రమమును మీరు వినియే యుందురు. ఆ బోర్డో యీ బోర్డోయే. మెడాక్ రైతులు దారిప్రక్క పండ్లను బాటసారులు కోయకుండుటకై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగెలకు బూజుతెగులు తగులకుండుట 1882లో మియార్దే యను ఆచార్యుడు కనిపెట్టి, పరీక్షించి, 1885లో ప్రకటించెను. అది లోకమంతటను పంటలను కాపాడినది. కాని అందలి రాగి మన్నులో పడి యెచ్చటికిని పోదు. ఏటేట పేరుకొని వానపాములకును, కంటికానని జీవులకును కీడు చేయును. అందుచేత 2019నుండి ఐరోపా సంఘమువారు ఏడేండ్లలో హెక్టారునకు 28 కిలోగ్రాముల రాగికంటె మించి వాడగూడదని నియమించిరి. ఔషధమునకును మితము కావలయును.

మూడవ కష్ట మెండలది. బర్గండీలోని బోన్ పట్టణమున 1354 మొదలుకొని ద్రాక్షకోతల తేదులు వ్రాసియున్నవి. పండితులు వానిని కూర్చి 2019లో ప్రకటింపగా, 1988 తరువాతి కోతలు పూర్వపు సగటుకంటె పదమూడు దినములు ముందుగ జరుగుచున్నట్లు తేలినది. వందలయేండ్లుగ నొక మన్నున కొక తీగెను చూచి కుదిర్చిన సంబంధము ఈ యెండలలో నిలుచునా యని యచ్చటి రైతుల చింత. బోర్డోలో 2021నుండి పరీక్షగ కొన్ని క్రొత్తజాతులను కొంచెముమేర నాటుటకు అనుమతి దొరకినది. నీటిని దాచుకొను జిగటనేలలు, సున్నపునేలలు ఎండలను కొంత యోర్చుకొనును. పలుచని గులకనేలలకు కష్టము హెచ్చు. ఒకప్పుడు లోపమని యెంచబడిన గుణము రేపు కవచము గావచ్చును.

ఈ నేలలకు చట్టము కాపు గలదు. 1935 జూలైలో ఫ్రెంచి ప్రభుత్వమువారు శాసనము చేసి, ఏ యూరి పేరు ఆ యూరి మన్నున పండినదానికే చెల్లునని నిర్ణయించిరి. ఏ జాతి, ఎంత పంట, ఏ సరిహద్దు అనునవి యన్నియు వ్రాసిపెట్టిరి. పేరును దొంగిలించుట నేలను దొంగిలించుటయే యని వారి భావము. కాని చట్టము సరిహద్దులను కాపాడగలదు గాని మన్నును కాపాడలేదు. ఆ పని చేతులతో చేయవలసినదే. బర్గండీ వాలులమీద గట్టివాన కురిసిన మన్ను క్రిందికి కొట్టుకొనివచ్చును. పూర్వము కూలివారు, వారి స్త్రీలు ఆ మన్నును బుట్టల కెత్తి, వీపున మోసి, వాలుపైకి మరల చేర్చెడివారు. నేడు యంత్రములు వచ్చినను ఆ పని మానలేదు. మడులనడుమ గడ్డి పెంచి మన్నును పట్టి యుంచువారును కలరు. వెల పలికిన మద్యమును కొన్నవా రెక్కడెక్కడనో యుందురు. ఆ పిడికెడు మన్ను మాత్రము తిరిగి తన చోటికి పోవలయును.